దోసిలి పట్టి చూపించాను, మాట మాత్రం రాలేదు

కందుకూరు ప్రాంతం నుంచి ఒక తెలుగు టీచరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయవద్దన్నారు. వయసు 31. ఇంటర్ చదివే రోజుల్లో, పదిహేడో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. కడుపులోంచి ఏదో పైకి ఎగదన్నినట్లు ఉంటుంది, ఆ వెంటనే చూపు నిలబడిపోతుంది, నోరు చప్పరిస్తూ కొంగు నలుపుతూ ఒకటి రెండు నిమిషాలు అలాగే ఉండిపోతారు. తర్వాత ఏమీ గుర్తుండదు. ఏడాదిలో రెండు మూడుసార్లు పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకునేవి. మెదడు స్కాన్‌లో ఎడమవైపు హిప్పోక్యాంపస్ (జ్ఞాపకాలను చూసుకునే చిన్న భాగం) కుంచించుకుపోయి మచ్చలా ఉందని రాశారు.

కార్బమాజెపిన్ అనే మూర్ఛ మందు రోజుకు 800 మిల్లీగ్రాములు ఏళ్ల తరబడి వేసుకుంటున్నా నెలకు రెండు మూడు వచ్చేవి. మధ్యలో లెవెటిరాసెటమ్ అనే ఇంకో మందు కలిపారు. నాలుగు నెలలు తిరక్కుండానే ఎక్కడలేని కోపం పట్టుకుంది. అన్నం పళ్లెం గోడకేసి కొట్టిన రోజున భర్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఆ మందు మాన్పించారు. గత ఏడాది టోపిరామేట్ మొదలుపెట్టి, మెల్లగా పెంచుతూ పొద్దున 100, రాత్రి 100 చేశారు. పది నెలలుగా ఒక్క ఫిట్ కూడా లేదు. పద్నాలుగేళ్లలో ఇలాంటి పది నెలలు ఇవే మొదటివి.

కానీ మాటలు ఆగిపోతున్నాయి. తొమ్మిదో తరగతిలో పద్యం రాగం తీసి, అక్షరం పొల్లుపోకుండా చదివారు. ప్రతిపదార్థం చెప్పబోయి ‘అంజలి అంటే’ అని నిలిచిపోయారు. రెండు చేతులూ చేర్చి నీళ్లు పట్టినట్లు పిల్లలకు చూపించారు కూడా. చాక్‌పీసు ఆ దోసిట్లోనే ఉంది. మాట రాలేదు. ముందు బెంచీ పిల్ల ‘దోసిలి మేడమ్’ అంది. వెనక బెంచీలు నవ్వాయి. ఆ ఆదివారం కూరగాయల కొట్లో పొట్లకాయ పేరు రాక, ‘ఆ పాములాంటిది ఒకటి ఇవ్వండి’ అని అడిగారు. వేళ్ల కొసల్లో తిమ్మిర్లు. గోలీసోడా చప్పగా, ఒట్టి నీళ్లలా ఉందట. ఈ సంగతి ఎవరికి చెప్పినా నవ్వుతారని రాశారు.

పెళ్లికి ముందు భర్తకు జబ్బు గురించి అంతా చెప్పారు. అత్తగారికి మాత్రం చెప్పలేదు. పిలిస్తే జవాబు ఆలస్యమవుతోందని ఆవిడ ‘ఈ పిల్లకు చెవుడో పొగరో తెలియడం లేదు’ అని పక్కింట్లో అన్నారట. ‘మాట అర నిమిషం ఆలస్యమైతే కొంప మునగదు, ఫిట్ వస్తే మునుగుతుంది’ అన్నది భర్త మాట. వచ్చే ఏడాది బిడ్డను కనాలని ఇద్దరికీ ఉంది. ఇక ఎవరికీ తెలియని విషయం: మూడు వారాలుగా రాత్రి టోపిరామేట్ మాత్ర వేసుకోవడం లేదు. మాటలు కాస్త దొరుకుతున్నట్లే ఉందట. ఇది జబ్బా, మందా? నా మెదడు ఇక ఇంతేనా? పూర్తిగా మానేయవచ్చా? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

ఆ రాత్రి మాత్ర సంగతిని మీరు ఉత్తరం చివర, బ్రాకెట్లలో పెట్టి రాశారు. నేను దానితోనే మొదలుపెడతాను. కోప్పడను. తరగతి గదిలో నిలబడి మాటకోసం తడుముకునే తెలుగు టీచరు మాత్ర మీద చెయ్యి వేయకుండా ఉండటం కష్టమే. కానీ ఇక్కడితో ఆపండి. ఇంకా తగ్గించకండి, పొద్దుటి మాత్ర జోలికి వెళ్లకండి, కార్బమాజెపిన్‌ను అసలు ముట్టుకోకండి. అలాగని భయపడి రేపటి నుంచి మీ అంతట మీరే మళ్లీ 200 చేసుకోవద్దు. ఈ వారంలోనే మీ డాక్టరుకు ఫోను చేసి జరిగింది జరిగినట్లు చెప్పండి. మందు హఠాత్తుగా తగ్గినప్పుడు వచ్చే ఫిట్స్‌కు ఒక దుర్గుణం ఉంది: ఒకదాని వెనక ఒకటిగా వస్తాయి, కొన్నిసార్లు ఆగవు. మూడు వారాలు ఏమీ కాలేదంటే గండం గడిచినట్లు అనుకోకండి. మీకు నెలకు రెండు మూడు వచ్చేవి, అంటే ఇప్పటిదాకా తప్పినవి రెండే.

మీ డాక్టరుతో మాట్లాడి, ఆయన సరేననేదాకా బడికి స్కూటీ మీద వెళ్లకండి. తొమ్మిది కిలోమీటర్లని రాశారు. బస్సు ఉంది, తోటి టీచరు బండి ఉంది. లైసెన్సు దరఖాస్తుతో ఇచ్చే స్వీయ ప్రకటనలో మూర్ఛ ఉందా అనే ప్రశ్న ఊరికే పెట్టలేదు. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు నూనె మూకుడు దగ్గర నిలబడటం, స్నానాల గదికి లోపల గడియ వేసుకోవడం కూడా కొన్నాళ్లు మానండి. ఒకవేళ ఫిట్ వస్తే మీవారు చేయాల్సింది చాలా తక్కువ: పక్కకు తిప్పి పడుకోబెట్టడం, తల కింద మెత్తనిది పెట్టడం, గడియారం చూడటం. ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రి. చేతిలో తాళాలు, ముక్కు దగ్గర ఉల్లిపాయ, నోట్లో చెంచా, ఇవేవీ వద్దు. చెంచా వల్ల పళ్లు విరిగినవాళ్లను చూశాను. తాళాల వల్ల ఫిట్ ఆగినవాళ్లను ఇంతవరకు చూడలేదు. ఎలాగూ ఆగాల్సిన ఫిట్ ఆగిందని తాళాలకు పేరొచ్చింది, అంతే.

ఇప్పుడు దోసిలి.

ఆ పూట మీ దగ్గర ఏమేమి ఉన్నాయో చూడండి. పద్యం మొత్తం ఉంది. అంజలి అంటే ఏమిటో తెలుసు. తెలుసు కాబట్టే చేతులు పట్టి చూపించారు. ‘దోసిలి’ అని ఆ పిల్ల అనగానే అదే సరైన మాటని మీకు తెలిసింది. లేనిది ఒక్కటే, లోపలున్న మాటను అడిగిన క్షణంలో పట్టుకొచ్చే పని. మతిమరుపు జబ్బుల తీరు ఇది కాదు. అక్కడ అర్థమే చెదిరిపోతుంది. మీ బీరువా నిండుగానే ఉంది, తాళంచెవి చేతికి అందడం ఆలస్యమవుతోంది. పద్యం ఎందుకు ఆగలేదంటారా? పాతికేళ్లుగా నోటికి అలవాటైన పద్యంలో ఒక పాదం కొస పట్టుకుని ఇంకో పాదం దానంతటదే వస్తుంది. ప్రతిపదార్థంలో ఒక్కొక్క మాటనూ పని గట్టుకుని వెతకాలి. టోపిరామేట్ దెబ్బ కొట్టేది ఆ వెతుకులాట మీద.

లోపల ఏమి జరుగుతుందో మీ బడితోనే చెబుతాను. రెండు తరగతులకు మధ్య గోడ లేని బడులు మన జిల్లాల్లో కావలసినన్ని చూశాం, ఒక బీరువా అడ్డం పెట్టి నడిపిస్తారు. ఇటు పద్యం మొదలైతే అటు గోల తగ్గాలి. మెదడులోనూ అంతే. మనం ఊరికే కూర్చున్నప్పుడు, అంటే నిన్న అత్తగారు అన్న మాట, రేపటి క్యారేజీ, ఎప్పటిదో చిన్ననాటి గొడవ తలపుకు వస్తూ పోతూ ఉన్నప్పుడు, కొన్ని భాగాలు కలిసి పనిచేస్తుంటాయి. 2001లో అమెరికాలో మార్కస్ రైకిల్ బృందం దీన్ని డిఫాల్ట్ మోడ్ అంది. మనం ఊసుపోక జట్టు అనుకుందాం. మాట వెతకాల్సి రాగానే భాష జట్టు లేవాలి, ఊసుపోక జట్టు సద్దుమణగాలి. రక్తంలో ప్రాణవాయువు హెచ్చుతగ్గులను బట్టి ఏ జట్టు లేచిందో, ఏది సద్దుమణిగిందో చూపించే స్కాన్ ఒకటుంది, ఫంక్షనల్ ఎంఆర్ఐ అంటారు. టోపిరామేట్ వాడుతున్నవారిని అందులో పడుకోబెట్టి, ఒక అక్షరం ఇచ్చి దానితో మొదలయ్యే మాటలు తలుచుకోమన్నారు. భాష జట్టు లేవాల్సినంత లేవలేదు. దానికన్నా వింత, ఊసుపోక జట్టు సద్దుమణగలేదు. మీరు ‘దోసిలి’ కోసం వెతుకుతుంటే బీరువా అవతల గోల అలాగే ఉందన్నమాట. టోపిరామేట్‌తో దగ్గరి పోలికలున్న జోనిసామైడ్ అనే మందు వాడినవారిలోనూ ఇలాంటి మార్పులే కనిపించాయి. లెవెటిరాసెటమ్ వాడినవారిలో మాత్రం ఈ జట్ల నడత మామూలు మనుషుల నడతకు దగ్గరగా ఉంది. ఆ మందు మీకు కోపం తెచ్చిపెట్టింది, అది వేరే కథ. మాటలను వదిలేసి మనసును పట్టుకుంది.

ఇది చదివి ఫంక్షనల్ ఎంఆర్ఐ ఎక్కడ తీస్తారని చెన్నై బయలుదేరకండి. ఈ అధ్యయనాల్లో మనుషులు కొద్దిమందే, తేడా కనిపించేది గుంపు సగటులో. మీ ఒక్కరి బొమ్మ చూసి ‘ఇదిగో మందు’ అని వేలు పెట్టి చూపించగల డాక్టరు లేడు. శస్త్రచికిత్సకు ముందు భాష ఏ వైపు ఉందో తెలుసుకోవడానికి అది పనికొస్తుంది, అంతవరకే.

జబ్బా, మందా అని అడిగారు. రెండూ. కానీ సమపాళ్లలో కాదని నా అంచనా.

మందు మీద అనుమానానికి మొదటి కారణం మీరు రాసిన వరుస. మోతాదు 150 దాటాక మాటలు తడబడ్డాయి, రాత్రి మాత్ర ఆపాక కాస్త దొరుకుతున్నాయి. టోపిరామేట్ వల్ల వచ్చే తడబాటు మోతాదును బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. రెండోది, ఈ మందును పార్శ్వపు నొప్పికి కూడా ఇస్తారు. ఒక్క ఫిట్ కూడా ఎరగని ఆ తలనొప్పి మనుషులు కూడా మాట దొరకడం లేదంటారు. ఏ జబ్బూ లేక అధ్యయనం కోసం వేసుకున్న ఆరోగ్యవంతుల్లోనూ అదే కనిపించింది. వాళ్లకు హిప్పోక్యాంపస్ కుంచించుకుపోలేదు కదా. ఇక మీ గోలీసోడా. అందులో నవ్వడానికి ఏమీ లేదు. సోడా చురుక్కుమనడాన్ని నాలుక గుర్తుపట్టడానికి ఒక ఎంజైమ్ కావాలి, కార్బోనిక్ అన్‌హైడ్రేజ్. టోపిరామేట్ దాన్ని అణచివేస్తుంది. వేళ్ల తిమ్మిర్లకూ అదే కారణమని చెబుతారు. ఇది మాటల తడబాటుకు రుజువు కాదు గానీ, మందు మీ ఒంట్లో బాగానే పట్టిందనడానికి సంతకం లాంటిది.

జబ్బు వాటా కూడా ఉంది. ఎడమ టెంపోరల్ భాగంలో, అంటే ఎడమ కణత లోపలివైపు, హిప్పోక్యాంపస్ ఉండే చోట మూర్ఛ ఉన్నవారికి వస్తువుల పేర్లు, విన్న మాటల జ్ఞాపకం ఏ మందూ లేకపోయినా కాస్త బలహీనంగా ఉండవచ్చు. పదమూడేళ్లు నెలకు రెండు మూడు ఫిట్స్ అంటే ఆ దారులు ఎంతగా తొక్కి నలిగాయో ఆలోచించండి. చిన్నప్పుడు జనరల్ నాలెడ్జ్ పోటీల్లో జవాబు తెలిసీ గంట కొట్టలేకపోయేదాన్నని ఉత్తరంలో ఎక్కడో రాశారు. అది ఫిట్స్ బయటపడకముందు. అప్పటికి టోపిరామేట్ ఎక్కడిది?

మూడో వాటాను డాక్టర్లూ మరిచిపోతుంటారు. కార్బమాజెపిన్ కొందరిలో రక్తంలో సోడియం తగ్గిస్తుంది. సోడియం తగ్గితే బుర్ర మబ్బు పట్టినట్లు ఉంటుంది. టోపిరామేట్ బైకార్బొనేట్ తగ్గించి నీరసం తెస్తుంది. ఈ రెండూ, థైరాయిడ్ కూడా, కందుకూరులో ఒక్క రక్త పరీక్షతో తేలిపోతాయి. డాక్టరు దగ్గరికి వెళ్లేముందే చేయించుకోండి. పరీక్ష పేపర్లు దిద్దుతూ రాత్రి ఒంటిగంటదాకా కూర్చుంటున్నానని రాశారు. నిద్ర తక్కువైతే మాటలూ పోతాయి, ఫిట్స్ కూడా వస్తాయి. రెండు వైపులా నష్టం తెచ్చే పని అదొక్కటే కనిపిస్తోంది మీ దినచర్యలో. దిగులు సంగతి కూడా డాక్టరుతో అనండి. ‘ఈ మధ్య దేనిమీదా ఆసక్తి లేదు’ అని మీరు ఒకే వాక్యంలో తేల్చేశారు. దిగులు మాటను నెమ్మది చేస్తుంది. పైగా టోపిరామేట్ కొందరిలో దిగులునూ తెస్తుంది.

మీవారి మాటకు వస్తాను. ఆయన మీద మీకు కోపం ఉంది. నాకు లేదు. ఫిట్ వచ్చినప్పుడు మీరు అక్కడ ఉండరు, చూసేది ఆయనే. మీకు మాట పోయిన అర నిమిషం గుర్తుంటుంది, ఆయనకు మీరు పోయిన రెండు నిమిషాలు గుర్తుంటాయి. కానీ కొంప మునగదన్న మాట మాత్రం సరికాదు. మాటే మీ బతుకుతెరువు. ఫిట్స్ ఆగితే చాలు, మిగతాది ఓర్చుకోవాలన్న ఆలోచన మందు పుట్టినప్పటి నుంచీ ఉంది. 1857లో లండన్‌లో చార్లెస్ లోకాక్ అనే డాక్టరు బ్రోమైడ్‌తో ఫిట్స్ తగ్గుతాయని చెప్పాక, దశాబ్దాల పాటు దాన్ని వాడినవాళ్లు ఒంటినిండా కురుపులతో మొద్దుబారి ఉండేవారు. ఫిట్స్ తగ్గాయి కదా అన్నారు. 1912లో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ హాప్ట్‌మన్ ఫినోబార్బిటాల్ పనిచేస్తుందని చూపించాడు. అదే గార్డినాల్ మాత్ర, మన పల్లెల్లో దాని పేరు తెలియని ఇల్లు తక్కువ. ఆ మాత్ర మీద పెరిగిన పిల్లలు చివరి బెంచీలో జోగుతుంటే ‘మొద్దు’ అని పేరు పెట్టి బడి మాన్పించిన రోజులు నేను ఎరుగుదును. ఆ పిల్లల్లో ఎందరు మొద్దులు, ఎందరు మందు మత్తులో ఉన్నవాళ్లు అన్నది ఎవరూ అడగలేదు. ఇప్పుడు మందులు పాతికకు పైగా ఉన్నాయి. ‘ఫిట్స్ లేవు, కానీ మాట రావడం లేదు’ అన్నది వాంతులు, దద్దుర్లలాగే డాక్టరు ముందు పెట్టాల్సిన ఫిర్యాదు. మీరు పెట్టలేదు. ‘ఎలా ఉన్నారు’ అంటే ‘ఫిట్స్ లేవండి’ అని లేచి వచ్చేశారు.

మెదడు ఇక ఇంతేనా అన్నారు. మందు తెచ్చిన వాటా మందు తగ్గితే చాలావరకు తగ్గుతుంది. ఇది ఇన్నేళ్లుగా చూస్తున్నదే. జబ్బు వాటా మిగులుతుంది. అది ఇప్పటికిప్పుడు పెరిగేది కాదు, ఫిట్స్ ఆగి ఉంటే మరీ మంచిది.

ఇక దారులు. ఏ దారి పట్టినా డాక్టరు చేయి పట్టుకునే నడవాలి. ఏ దారికి ఏమి ఖర్చవుతుందో మాత్రం చెబుతాను.

డాక్టరు రాసిన 200 మోతాదునే కొనసాగించి, మాటల ఇబ్బందికి సర్దుకుపోవడం మొదటిది. దీనికి మీరు ఒప్పుకోరు, నేనూ ఒత్తిడి చేయను. బిడ్డ సంగతి వచ్చేసరికి ఈ దారి ఎలాగూ మూసుకుపోతుంది.

రెండోది, టోపిరామేట్ తక్కువ మోతాదులో ఉంచడం. తెలియక మీరు ఇప్పుడు ఉన్నది ఇక్కడే. కార్బమాజెపిన్ కాలేయాన్ని ఉరకలెత్తించి టోపిరామేట్‌ను త్వరగా ఖర్చు చేయిస్తుంది. కాబట్టి మీ 100 రక్తంలో 100లాగా ఉండదు, ఇంకా తక్కువ. ఫిట్స్‌ను ఆపడానికి అది చాలుతుందో లేదో ఎవరూ ముందే చెప్పలేరు. డాక్టరు ఒప్పుకుంటే 125 దగ్గరో 150 దగ్గరో ఆగి చూడవచ్చు. రోజుకు ఒక్కసారే, అదీ ఎక్కువ భాగం పడుకోబోయే ముందు వేసుకునేలా మార్చవచ్చునేమో కూడా అడగండి. పగటి తరగతులు కొంత తేలిక కావచ్చు. దీనివల్ల మాటలు పూర్తిగా రావు, ఫిట్స్ భయం పూర్తిగా పోదు. కొందరికి ఆ మధ్యస్థమే చాలు.

మూడోది మందు మార్చడం. మీ వయసులో, బిడ్డ ఆలోచన ఉన్నప్పుడు నా కళ్లు ముందుగా వెళ్లేది లామోట్రిజిన్ వైపు. మాటలనూ ఆలోచననూ అతి తక్కువగా కదిలించే మందుల్లో ఇది ఒకటి. తిప్పలు రెండు. దీన్ని చాలా నెమ్మదిగా, వారాల తరబడి, చిటికెడు చిటికెడుగా పెంచాలి. తొందరపడితే ఒంటిమీద దద్దుర్లు లేస్తాయి, అరుదుగా అవి ప్రాణం మీదికి తెస్తాయి. ఒంటిమీద ఏమి కనిపించినా అదే రోజు డాక్టరుకు చూపించాలి. రెండో ఇబ్బంది, కార్బమాజెపిన్ దీన్ని కూడా త్వరగా ఖర్చు చేయిస్తుంది, అందుకని మోతాదు ఎక్కువ కావాల్సి వస్తుంది. ఇది ఎక్కాక టోపిరామేట్ దించాలి. మొత్తం మీద నాలుగైదు నెలల పని. ఆ నెలల్లో ఒకటి రెండు ఫిట్స్ రావచ్చు. వేసవి సెలవుల్లో చేయగలిగితే మంచిది. మే నెలలో టోపిరామేట్ తక్కువగా ఉండటమూ ఒక లాభమే, అది కొందరిలో చెమట పట్టనివ్వదు. రోహిణి కార్తెలో మన ఎండకు చెమట పట్టకపోతే ఏమవుతుందో మీకు చెప్పక్కరలేదు. నీళ్లు మాత్రం ఏ కాలంలోనైనా దండిగా తాగండి, ఈ మందుకు కిడ్నీలో రాళ్లు చేసే గుణం ఉంది.

నాలుగోది వినగానే మీరు ఉలిక్కిపడతారు. శస్త్రచికిత్సకు తగినవారా కాదా అని పరీక్ష చేయించుకోవడం. సరిగ్గా ఎంచుకుని, సరిపడా మోతాదులో వాడిన రెండు మందులు విఫలమైతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అనాలని 2010లో మూర్ఛ వైద్యుల అంతర్జాతీయ సంఘం నిర్వచించింది. మీకు టోపిరామేట్ పనిచేసింది గనుక ఆ గీతకు మీరు ఇటువైపే ఉన్నారు. కానీ అది పోతే మళ్లీ అటు పడతారు. పైగా మీ స్కాన్‌లో కనిపించిన మచ్చ శస్త్రచికిత్సకు బాగా లొంగే రకం. 2001లో కెనడాలో 80 మంది టెంపోరల్ మూర్ఛ రోగులను చీట్లు తీసినట్లు రెండు జట్లు చేసి చూశారు. ఏడాది తిరిగేసరికి స్పృహ తప్పే ఫిట్స్ పూర్తిగా ఆగినవారు శస్త్రచికిత్స జట్టులో 58 శాతం, మందుల జట్టులో 8 శాతం. అయితే మీ మచ్చ ఎడమ వైపు ఉంది. అక్కడ కత్తి పెడితే పేర్లు, మాటల జ్ఞాపకం తగ్గే ప్రమాదం ఉంటుంది. జ్ఞాపకం ఇప్పుడు బాగున్నవారికే పోయేది ఎక్కువ. మాటల కోసమే ఇంత తాపత్రయపడే మీకు ఇది చిన్న లెక్క కాదు. అందుకే దీన్ని రేపటి పనిగా చెప్పడం లేదు. మందు మార్పు కుదరకపోతే తిరువనంతపురంలోని శ్రీచిత్ర, బెంగళూరు నిమ్హాన్స్, హైదరాబాద్ నిమ్స్ లాంటి పెద్ద ఆస్పత్రిలో ఒకసారి పూర్తి అంచనా వేయించుకోండి. వెళ్లినంత మాత్రాన ఆపరేషన్ చేసేయరు. మీ భాష, జ్ఞాపకాలను గంటల తరబడి పరీక్షించి కాగితం మీద పెడతారు, ఆ కాగితం ఏ దారికైనా పనికొస్తుంది. ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డు ఎక్కడ ఎంతవరకు చెల్లుతుందో బయలుదేరే ముందే విచారించండి.

బిడ్డ విషయం విడిగా, గట్టిగా చెప్పాలి. టోపిరామేట్ మీద ఉండగా గర్భం రాకూడదు. కడుపులోని పిల్లకు పెదవి, అంగిలి చీలే ప్రమాదం పెరుగుతుంది, బరువు తగ్గుతుంది. పిల్లల మానసిక ఎదుగుదల మీద కూడా అనుమానాలు బలపడటంతో 2023లో యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ బిడ్డను కనే వయసు స్త్రీలకు ఈ మందు మీద కట్టడి పెట్టింది. వాల్‌ప్రోయేట్‌కు మారుద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అది ఇంకా చెడ్డది. కార్బమాజెపిన్ మోతాదు గురించి కూడా మాట్లాడాలి. గర్భనిరోధక మాత్రల మీద ఆధారపడి ఉంటే జాగ్రత్త, కార్బమాజెపిన్ వాటిని నీరుగారుస్తుంది. కాపర్-టీకి ఆ ఇబ్బంది లేదు. ఫోలిక్ యాసిడ్ ఇప్పటి నుంచే మొదలుపెట్టమంటారా అని అడగండి. వచ్చే ఏడాది బిడ్డ కావాలంటే మందు మార్పు ఈ ఏడాదే జరగాలి. మాటల కోసం కాకపోయినా ఇందుకోసమైనా మీరు డాక్టరు ముందు కూర్చోక తప్పదు. మీవారికీ ఇదే చెప్పండి. ఫిట్స్, మాటల తూకంలో మాటల వైపు మొగ్గని మనిషి ఇక్కడ మొగ్గుతాడు.

అత్తగారికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇంటి సంగతి, నేను దూరను. కానీ చెవుడో పొగరో అనుకోవడం కన్నా మందు ప్రభావమని తెలియడం ఆవిడకూ నయం కాదా? మీ భయం నాకు అర్థమైంది, ‘దాచిపెట్టి చేశారు’ అంటారని. చట్టం మాటకొస్తే, 1955 హిందూ వివాహ చట్టంలో మూర్ఛను పెళ్లికి అడ్డంకిగా పెట్టిన మాటను 1999లో పార్లమెంటు తీసేసింది. మీవారికి ముందే చెప్పారు కూడా. చెప్పేటప్పుడు మీరు కాక ఆయన చెబితే బాగుంటుంది. కొడుకు నోట విన్న మాటకు విలువ వేరు.

డాక్టరు దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లకండి. పిల్లల నోటుపుస్తకం ఒకటి తీసుకోండి. ఏ పూట ఏ మాట ఆగింది, ఎంతసేపటికి వచ్చింది, ఆ రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు, ఏ మాత్రలు వేసుకున్నారు, రోజుకు ఒక్క వరుస చాలు. ఆదివారం పొద్దున కాఫీ తాగాక, గడియారం చూసుకుని ఒక్క నిమిషంలో కూరగాయల పేర్లు ఎన్ని వస్తాయో చెప్పండి, మీవారు గీతలు గీస్తారు. మరుసటి వారం జంతువులు, ఆపై వారం ‘క’ గుణింతంతో మొదలయ్యే మాటలు, మళ్లీ కూరగాయలు. వైద్యులు ఆస్పత్రిలో చేసే పరీక్ష కూడా దాదాపు ఇదే. మందు మారేకొద్దీ ఆ గీతలు పెరిగాయా తగ్గాయా అన్నది మీ ఇద్దరి వాదనకంటే బాగా తేలుతుంది. పొట్లకాయ వచ్చిందో లేదో విడిగా రాసుకోండి.

బడిలో ఈలోగా ఒక పని చేయవచ్చు. ప్రతిపదార్థం పాఠానికి ముందే బోర్డు మీద ఓ మూల రాసిపెట్టుకోండి, లేదా పిల్లల చేత చెప్పించండి. ఆగినప్పుడు ఆ మాటనే పట్టుకుని వేలాడకండి, దానికి దగ్గరి మాటతో ముందుకు వెళ్లండి, వెనకాలే అది వస్తుంది. ముందు బెంచీ పిల్ల ఉంది కదా, మాట అందించే బాధ్యత ఆ పిల్లకే అప్పగించండి.

మీకు ఒంగోలే దగ్గర. మీ డాక్టరు అక్కడే ఉన్నారన్నారు, శనివారం మధ్యాహ్నం చూస్తారని కూడా రాశారు. ఈ శనివారమే వెళ్లండి, మీవారిని వెంటబెట్టుకుని. రాత్రి మాత్ర సంగతి మాత్రం మీవారికి మొదటిసారి బస్సులోనో డాక్టరు గదిలోనో తెలియనివ్వకండి. శుక్రవారం రాత్రి, ఆ మాత్ర వేసుకోవాల్సిన వేళకే ఆయనకు చెప్పండి.